పిన్ని గుమ్మంలో 1,187 రూపాయలు

మొన్న మా మేనకోడలి పెళ్ళిలో భోజనాల దగ్గర ఒక మాట విన్నాను, అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. మాటల్లో మాటగా నేను ఇంగ్లండు నుంచి పాత పుస్తకం తెప్పించుకున్న సంగతి వచ్చింది, దానికి కస్టమ్స్ కట్టాల్సొచ్చిందని అన్నానో లేదో మా బావ బంతి మొత్తానికి వినపడేలా "ఏటిరా, అంత చదువుకున్నావు, గిఫ్ట్ అని రాయించెయ్యలేపోయావా, పైసా కట్టక్కర్లేదు గదా" అన్నాడు. అటూ ఇటూ కూర్చున్న నలుగురూ నిజమేనన్నట్టు తలలూపారు. ఒకాయనైతే బిల్లు మీద పది డాలర్లని వేయమంటే అమ్మేవాళ్ళే వేసిస్తారు బాబూ, అందరూ చేసేదే అన్నారు. అంతలో సాంబారు బకెట్ వచ్చింది, మాట అక్కడ తెగిపోయింది. పెళ్ళి బంతిలో కూర్చుని వాదన ఎందుకని ఊరుకున్నాను గానీ జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, అది ఇక్కడ రాస్తున్నాను, కాస్త పొడుగే అవుతుంది.

ముందు ఆ పుస్తకం సంగతి. మాది పర్లాకిమిడి. మ్యాపులో పర్లాఖెముండి అని ఉంటుంది, మా ఇళ్ళల్లో ఎవరం అలా అనం. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్ళోనే రాజావారి బడిలో మేష్టారుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువులు తయారుచేశారు. అవి 1930ల్లో మద్రాసులో అచ్చయ్యాయి, వ్యాకరణం వచ్చేసరికి మేమూ మద్రాసు కిందే ఉన్నాం, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక కదా ఇటు వచ్చాం. నా దగ్గర ఆ వ్యాకరణానికి జిరాక్స్ కాపీ ఒకటి ఉండేది, కానీ పంతులు గారు సవర మాటల ఉచ్చారణ కోసం అక్షరాల పక్కన పెట్టిన చుక్కలూ గీతలూ జిరాక్సులో సగం ఎగిరిపోయాయి, ఆ గుర్తు లేకపోతే మాటే మారిపోతుంది. అసలు ప్రతి కోసం చాలా ఏళ్ళు వెతికితే చివరికి ఇంగ్లండులో ఒక పాత పుస్తకాల వ్యాపారి దగ్గర కనపడింది. మా ఊళ్ళో పుట్టిన పుస్తకం, మద్రాసులో అచ్చయి, ఎప్పుడో ఓడెక్కి ఎవరి సామానుతోనో వెళ్ళిపోయింది. 38 పౌండ్లు. కొన్నాను.

షిప్పింగ్ దగ్గర రెండు దారులు చూపించాడు, మామూలు పోస్టు అయితే 12 పౌండ్లు, నాలుగు నుంచి ఆరు వారాలు, కొరియర్ అయితే 24 పౌండ్లు, వారం. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి ఇంకో నెల ఆగలేకపోయాను, కొరియర్ నొక్కాను. మా పిన్‌కోడ్ వేస్తే ఆ ప్రాంతానికి సర్వీసు లేదంది. సరే, పాతపట్నం ఆటో ఎక్కితే పది నిమిషాలు, అక్కడ మా పిన్ని ఉంటుంది, అది ఆంధ్రా, ఆ పిన్‌కోడ్ తీసుకుంది. అడ్రస్ పిన్నిది, పేరు నాది.

పుస్తకం నాలుగో రోజుకే ఢిల్లీలో దిగింది, దిగి అక్కడే కూర్చుంది. కొరియర్ వాళ్ళ నుంచి మెయిలు, కేవైసీ కావాలి, ఆధార్ పంపండి అని. పంపాను. ఆధార్‌లో అడ్రస్ ఒడిశా, డెలివరీ ఆంధ్రా, కుదరదన్నారు. రెండూ పక్కపక్క ఊళ్ళండీ, మధ్యలో రాష్ట్రం గీత ఒకటి వచ్చిందంతేనని ఫోన్లో ఎంత చెప్పినా అవతలి అమ్మాయికి అర్థం కాలేదు, ఆ అమ్మాయి తప్పు కూడా కాదులెండి, ఆమె ముందున్న స్క్రీను మీద రెండు రాష్ట్రాలున్నాయి. పిన్ని దగ్గర కరెంటు బిల్లు, నా దగ్గర ఒక ఉత్తరం, అవీ ఇవీ పంపేసరికి తొమ్మిది రోజులు పోయాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పిన్ని ఫోను. "ఒరే నాన్నా, ఎవలో కుర్రోడు పార్సిల్ తెచ్చేడు, 1,187 రూపాయలు ఇమ్మంతన్నాడు, ఇందులో ఏటుందిరా, బంగారవా?"

పిన్ని దగ్గర అప్పటికి 600 ఉన్నాయి. పక్కింట్లో అడిగి తెచ్చి ఇచ్చింది. ఆ కుర్రాడు మర్యాదగా వీధరుగు మీద కూర్చున్నాడట, మంచినీళ్ళు కూడా తాగాడట. నేను సాయంత్రం వెళ్ళి డబ్బులిచ్చి పుస్తకం తెచ్చుకున్నాను, కానీ డెబ్భై ఏళ్ళ మనిషి నా సరుకు కోసం పక్కింటి గుమ్మంలో చెయ్యి చాచిందన్నది నన్ను వదల్లేదు.

రాత్రి ఆ బిల్లు ముందేసుకుని కూర్చున్నాను. పుస్తకాల మీద 2019 బడ్జెట్ నుంచి 5 శాతం బేసిక్ డ్యూటీ ఉంది, అంతకు ముందు అదీ లేదు. దాని మీద పదో వంతు సర్‌చార్జి. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. పుస్తకం 38, షిప్పింగ్ 24, మొత్తం 62 పౌండ్లు, పౌండు 106 రూపాయల లెక్కన 6,572, దాని మీద సుంకం 361 రూపాయలు. అంతే. మిగతా 826 ఏంటంటే, కొరియర్ వాళ్ళు మన తరఫున సుంకం ముందుగా కట్టినందుకు వాళ్ళ ఫీజు 700, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 126. ప్రభుత్వానికి వెళ్ళింది 361, దాన్ని తీసుకెళ్ళి కట్టినందుకు 700.

అప్పటిదాకా నేనూ అందరిలాగే కస్టమ్స్ వాళ్ళు పీకేశారని అనుకున్నాను. బిల్లు చూశాక గానీ తెలీలేదు, నన్ను బాధపెట్టింది సుంకం కాదని.

ఎవరు నిలబడతారు

అప్పట్నుంచి నాకు గట్టిగా అనిపించేది ఒకటే. షిప్పింగ్ ఎంచుకునే దగ్గర మనం రేటు చూస్తాం, రోజులు చూస్తాం. చూడాల్సింది అది కాదు. మన పార్సిల్ కస్టమ్స్ ఆఫీసరు ముందుకి వెళ్ళినప్పుడు మన తరఫున ఎవరు నిలబడతారు, ఏం రాసిస్తారు, దానికి మన దగ్గర ఎంత తీసుకుంటారు, ఎప్పుడు తీసుకుంటారు అన్నది చూడాలి. కోర్టు పనికి ప్లీడర్ని పెట్టుకునేటప్పుడు ఆయన కారు ఎంత స్పీడుగా వెళ్తుందో అడగం కదా.

కొరియర్ తీసుకుంటే వాళ్ళే మన తరఫున కాగితాలు దాఖలు చేస్తారు, వస్తువుకి ఏ హెచ్ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే అంకె, సుంకం దాన్ని బట్టే) పడుతుందో వాళ్ళే వేస్తారు, సుంకం వాళ్ళే ముందు కట్టి తర్వాత మన దగ్గర రాబట్టుకుంటారు. తొందరగా అవుతుంది, నిజమే, కానీ ఆ పని వాళ్ళకి ఊరికే చెయ్యాల్సిన అవసరం లేదు, వస్తువు వంద రూపాయలదైనా లక్షదైనా కనీస ఫీజు కనీస ఫీజే. అందుకే చిన్న వస్తువుకి కొరియర్ పెడితే ఫీజు ముందు సుంకం వెలవెలబోతుంది.

పోస్టులో అయితే మధ్యలో ఎవరూ ఉండరు. అమ్మేవాడు పార్సిల్ మీద అంటించే చిన్న డిక్లరేషన్ ఉంటుంది, సీఎన్ 22 అంటారు, విలువ ఎక్కువైతే సీఎన్ 23. లోపల ఏముంది, ఎంత విలువ, ఎంత బరువు అన్నది అందులోనే. అది ముంబైలోనో ఢిల్లీలోనో కోల్‌కతాలోనో చెన్నైలోనో ఫారిన్ పోస్టాఫీసులో దిగితే అక్కడ కూర్చున్న కస్టమ్స్ వాళ్ళే ఆ కాగితం చూసి సుంకం వేస్తారు, పోస్ట్‌మాన్ మన గుమ్మంలో వసూలు చేస్తాడు, పోస్టాఫీసు ఫీజు చాలా తక్కువ. అంటే పోస్టులో మన ప్లీడరు ఆ స్టిక్కరే. అమ్మేవాడు అందులో "వస్తువులు" అని ఊరికే గీకేస్తే పార్సిల్ విప్పుతారు, ఆగుతుంది. "పాత అచ్చు పుస్తకం, 1, ఇంత విలువ" అని శుభ్రంగా రాస్తే చాలావరకు సాఫీగా వచ్చేస్తుంది. అందుకని ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా ముందు ఒక మెయిలు పెడతాను, స్టిక్కర్ మీద ఏం రాస్తారో చెప్పండి, బిల్లు కాపీ ఒకటి కవరు బయట పెట్టండి అని. చాలామంది సంతోషంగా చేస్తారు.

ఇంకో చిన్న సంగతి, షిప్పింగ్ ఖర్చు మీద కూడా సుంకం పడుతుందని చాలామందికి తెలీదు. వస్తువు ధర, రవాణా, ఇన్సూరెన్స్ మూడూ కలిపిన దాని మీదే లెక్క. అంటే ఖరీదైన షిప్పింగ్ ఎంచుకుంటే రెండుసార్లు కడతాం. అయితే విమానంలో వచ్చే వాటికి రవాణా ఖర్చు ఎంతైనా వస్తువు ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోకూడదని వాల్యుయేషన్ రూల్సులో ఉంది. ఇది నాకు ఆ బిల్లు వచ్చిన రెండు నెలలకి తెలిసింది. ఆ లెక్కన నా 24 పౌండ్లలో 7 పౌండ్ల 60 పెన్నీలు మాత్రమే కలపాలి, సుంకం సుమారు 266 రావాలి, 361 వేశారు. 95 రూపాయల కోసం రాసుకుంటూ కూర్చోలేదు. కానీ 700 ఫీజు తీసుకున్న ప్లీడరు ఆ పాయింటు నా తరఫున ఎత్తాల్సింది కాదా?

గిఫ్ట్ అని రాయించెయ్

ఇప్పుడు బావ మాటకి వస్తాను. బావ చెప్పింది ఒకప్పుడు నిజమే, 5,000 రూపాయల లోపు గిఫ్టులకి సుంకం ఉండేది కాదు. విదేశీ ఆన్‌లైన్ షాపులు కొన్ని ప్రతి పార్సిల్‌నీ గిఫ్ట్ అనే పంపడం మొదలెట్టాయి, లక్షల పార్సిళ్ళు అలాగే వచ్చేశాయి, దాంతో 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్ ఇచ్చి ఆ తలుపు మూసేసింది. గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా వచ్చేందుకు ఇప్పుడు మిగిలింది రెండే, ప్రాణం నిలబెట్టే మందులు, రాఖీ. రాఖీతో పాటు పెట్టే కానుకలు కూడా అందులోకి రావు, రాఖీ ఒక్కటే. (మా ఒరియా ఇరుగుపొరుగు ఆడపడుచులకి ఈ రూలు బాగా తెలుసు, మా తెలుగువాళ్ళకే తెలీదు.) కాబట్టి గిఫ్ట్ అని రాయిస్తే ఇవాళ వచ్చేది ఏమీ లేదు, పైగా ఆఫీసరు కళ్ళు దాని మీదే పడతాయి.

విలువ తగ్గించి రాయించడం ఇంకా దండగ. దారిలో పోతే నష్టపరిహారం ఇచ్చేది రాసిన విలువ మీదే, 200 డాలర్ల వస్తువుకి 10 అని రాయిస్తే పోయినప్పుడు పదే ఇస్తారు. అనుమానం వస్తే కార్డు స్టేట్‌మెంట్ అడుగుతారు, అక్కడ దొరికిపోతాం, అబద్ధం రాసిన సరుకుని పట్టుకుని జరిమానా వెయ్యడానికి 1962 నాటి కస్టమ్స్ చట్టంలోనే దారి ఉంది. అయినా ఇవన్నీ తర్వాత. మనకి తెలియని దేశంలో, ఎప్పుడూ చూడని మనిషి, మనం అడిగామని తన సంతకం కింద అబద్ధం రాయాలి. ఆ పుస్తకాల ముసలాయన చేతి రాత నా దగ్గర ఉంది, బిల్లు కింద నీలం సిరాతో "జాగ్రత్తగా చూసుకోండి" అని రాశాడు. ఆయన చేత అబద్ధం రాయించడానికి నాకు మనసు రాదు బావా.

మరి ఆ రేట్లు న్యాయమా అంటే

ఇక్కడ నాకూ పూర్తిగా తేలని సంగతి ఉంది. పుస్తకానికి 5 శాతం కాబట్టి నేను సులువుగా మాట్లాడుతున్నానేమో. మా పెదనాన్న గారి అబ్బాయి బరంపురంలో ఉంటాడు, ఆదివారం వస్తే గోపాల్‌పూర్ ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటాడు, వాడికి అదే లోకం. 2022లో జపాన్ నుంచి గాలం రీలు తెప్పించాడు, షిప్పింగుతో కలిపి 9,000. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే ఇలాంటి వస్తువుల మీద అప్పట్లో బేసిక్ డ్యూటీ 35, దాని మీద పదో వంతు మూడున్నర, ధర 100 అనుకుంటే మొత్తం 138.5 మీద జీఎస్టీ 28 శాతం, అంతా కలిపితే 77.28 శాతం. 9,000 మీద 6,955 రూపాయలు, కొరియర్ ఫీజు కాక. వాడు బిల్లు చూసి తీసుకోనన్నాడు. రీలు వెనక్కి పోయింది, జపాన్ వాడు నా తప్పు లేదన్నాడు, 9,000 పోయాయి. "ముందే తెలిస్తే కొనేవాణ్ణే కాదన్నయ్యా" అన్నాడు, ఎక్కువ వేశారని కూడా అనలేదు.

ఆ 77 ఇప్పుడు లేదులెండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీలో 28 శాతం శ్లాబు తీసేశారు, 2026 బడ్జెట్‌లో సొంత వాడకం దిగుమతుల మీద బేసిక్ డ్యూటీ 20 నుంచి 10కి తగ్గించారు. కానీ 77 ఉన్న రోజుల్లో కూడా నిజాయితీగా కట్టమని నేను చెప్పగలనా? మా తమ్ముడి మొహం చూస్తూ చెప్పడం కష్టమే. కట్టలేని రేటు పెడితే జనం అబద్ధమే నేర్చుకుంటారు, ఇది నేను ఒప్పుకుంటాను.

అలాగని సుంకమే వద్దనను. మా ఊళ్ళో కొమ్ము పని చేసేవాళ్ళు ఉన్నారు, గేదె కొమ్ముని వేడి చేసి వంచి, చెక్కి, రుద్ది కొంగలూ నెమళ్ళూ దువ్వెనలూ చేస్తారు. ఒక కొంగ మెడ వంపు తేవడానికి పట్టే సేపు పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది, మంట దగ్గర ఒక్క క్షణం ఎక్కువైతే చిట్లిపోతుంది, మొదట్నుంచి చెయ్యాల్సిందే. వాళ్ళ దువ్వెన పక్కన, బయట దేశం నుంచి వచ్చిన ప్లాస్టిక్ దువ్వెన ఏ పన్నూ లేకుండా ఇంటికొచ్చి పడాలని ఎలా అంటాను. వాళ్ళ పిల్లలు ఆ పని మానేస్తున్నారు, దానికి కారణాలు చాలా ఉన్నాయి, సుంకం ఒక్కటే వాళ్ళని నిలబెట్టదు, తెలుసు. అయినా దేశానికో గుమ్మం ఉండటం నాకు తప్పుగా తోచదు.

పైగా మేం గేట్ల మధ్య పెరిగినవాళ్ళం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా ఒడిశాలో ఎంట్రీ టాక్స్ ఉండేది, బరంపురం వెళ్ళే లారీ సరిహద్దులో గిరిసోల గేటు దగ్గర లైనులో ఆగాల్సిందే. సంతలో ఆశీలు ఇప్పటికీ ఉంది. అరటి గెలలు మోసుకొచ్చినవాడికైనా మేకని తోలుకొచ్చినవాడికైనా ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తెలుసు, గెలకింత, మేకకింత అని. ఆ లెక్క వేసుకునే ధర చెప్తాడు. ఆశీలు గుత్తకి పాడుకున్నవాడితో గొడవలవుతాయి, ఎక్కువ తీసుకున్నాడని అరుచుకుంటారు, కానీ ఎంతో తెలీకుండా సంతకి వచ్చినవాణ్ణి నేను చూళ్ళేదు. కంప్యూటర్లు, ఉపగ్రహాలు, పార్సిల్ ఎక్కడుందో గంటగంటకీ చెప్పే యాప్‌లు అన్నీ ఉన్న ఈ వ్యాపారంలో మాత్రం కొనేవాడికి చివరి గుమ్మం దాకా ఎంతో తెలీదు. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

చెయ్యలేనిదా అంటే కాదు. ఆస్ట్రేలియాలో 2018 జులై నుంచి 1,000 డాలర్ల లోపు సరుకుల మీద జీఎస్టీని పెద్ద అమ్మకందార్లు కొనేటప్పుడే వసూలు చేస్తున్నారు. యూరప్‌లో 2021 జులైలో 22 యూరోల మినహాయింపు తీసేశారు, తీసేస్తూనే 150 యూరోల లోపు పార్సిళ్ళకి అమ్మేవాడే పన్ను ముందు కలిపి తీసుకునే పద్ధతి పెట్టారు. కొనేవాడు బటన్ నొక్కేటప్పుడు కనపడిన అంకెతోనే లెక్క అయిపోతుంది. అమెరికా 2025 ఆగస్టులో 800 డాలర్ల మినహాయింపుని ఉన్నట్టుండి ఎత్తేసింది, సుంకం ఎవరు వసూలు చెయ్యాలో తేలక మన పోస్టాఫీసు అమెరికా పార్సిళ్ళే కొన్నాళ్ళు ఆపేసింది. మా వీధిలో ఒకావిడ డాలస్‌లో ఉన్న కూతురికి ఆవకాయ కట్టి, పెట్టె మీద అడ్రస్ కూడా రాసి, అలాగే వెనక్కి తెచ్చుకుంది. ముందు చెప్పి చేస్తే ఎలా ఉంటుందో, చెప్పకుండా చేస్తే ఎలా ఉంటుందో ఇంతకంటే వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర సమాచారం లేదని కాదు. కస్టమ్స్ వాళ్ళ ఐస్‌గేట్ సైటులో సుంకం లెక్క చూసుకోవచ్చు, కానీ దానికి ఎనిమిది అంకెల హెచ్ఎస్ కోడ్ తెలియాలి. ఆ కోడ్ల పట్టికలో గాలం రీలు ఏ చాప్టర్లో ఉంటుందో మా తమ్ముడికి ఎలా తెలుస్తుంది. రూపాయి మారకం కూడా గూగుల్లో కనపడేది కాదు, కస్టమ్స్ వాళ్ళు ప్రకటించే రేటు వేరే ఉంటుంది. అన్నీ ఉన్నాయి, విడివిడిగా ఉన్నాయి, కొనేవాడి ముందు ఒక్కచోట లేవు.

ఫోనులో వచ్చే కస్టమ్స్

ఇలా ముందు చెప్పకపోవడం వల్ల ఇంకో పెద్ద కీడు ఉంది. మా వీధిలో రిటైరైన టీచరమ్మ గారికి ఒకరోజు ఫోను, మీ పేరు మీద వచ్చిన పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇప్పుడే 4,800 పంపకపోతే కేసు అని. ఆవిడ ఏమీ తెప్పించలేదు, కానీ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, ఏమో వాడేమైనా పంపాడేమోనని భయపడి సగం పంపేశారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తున్నారు.

ఆవిణ్ణి ఎందుకు జాగ్రత్తగా లేరని నేను అడగలేకపోయాను. ఎందుకంటే నా నిజమైన పుస్తకానికి వచ్చిన నిజమైన మెసేజీ కూడా అచ్చం అలాగే ఉంది, తెలియని నంబరు, ఒక లింకు, ఇంత కట్టండి, లేకపోతే వెనక్కి పంపేస్తాం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాను, ఆవిడకి వచ్చిందే కాస్త శుభ్రంగా ఉంది. అసలు బిల్లు ఎంతో ఎవరికీ ముందు తెలియని చోట దొంగ ఏ అంకె చెప్పినా నమ్మబుద్ధి అవుతుంది. ఎవరికైనా అలాంటి ఫోను వస్తే లింకు నొక్కొద్దు, ఆర్టికల్ నంబరు అడిగి పోస్టుదో కొరియర్‌దో వాళ్ళ సొంత సైటులోకి మీరే వెళ్ళి చూడండి. పోస్టు నంబరైతే ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశానివి రెండు అక్షరాలు ఉంటాయి. కస్టమ్స్ ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాల మీద 2019 నుంచి డిన్ అనే నంబరు ఉంటుంది, అది సరిచూసుకునే వీలుంది. ఏ ఆఫీసరూ సొంత ఖాతాకి ఫోన్‌పే చెయ్యమనడు.

నా లెక్కకి ఎదురు నిలిచేవి

పోస్టే మంచిదని ఇంత చెప్తున్నాను కదా, అన్నిటికీ కాదు. మా పక్కవీధి బాబుకి ఒక మందు బయట దేశం నుంచి రావాల్సొచ్చింది, చల్లగా ఉంచాలి, రోజులు లెక్క. ఆ డాక్టరు చీటీ, కాగితాలూ పట్టుకుని కొరియర్ వాళ్ళు నిజంగానే ప్లీడర్లలా నిలబడ్డారు, ఆరో రోజుకి మందు వచ్చింది. అక్కడ 700 కాదు, 7,000 అయినా ఇవ్వాల్సిందే. పోస్టులో ఆ మందు ఏదో గోదాములో వేడెక్కిపోయేది. పోస్టులో పోయేవీ ఉన్నాయి, నావే రెండు పోయాయి, ఒకటి ట్రాకింగ్ లేకుండా తెప్పించినది, అందుకే ఇప్పుడు ఎంత చవకదైనా ట్రాకింగ్ లేనిది తీసుకోను. ఫారిన్ పోస్టాఫీసులో ఇరవై రోజులు కదలకుండా ఉండటం కూడా మామూలే, అప్పుడు అడగడానికి మనిషి దొరకడు. కొరియర్‌లో కనీసం ఫోను ఎత్తుతారు.

కొన్ని పెద్ద సైట్లు సుంకం కూడా కలిపి తీసుకుంటాయి, డీడీపీ అంటారు, డోరు దగ్గర మళ్ళీ అడగరు. వాళ్ళు వేసే అంచనా కాస్త ఎక్కువే ఉంటుంది, మిగిలింది కొన్ని సైట్లు వెనక్కిస్తాయి, కొన్ని ఇవ్వవు. అయినా నాకు అదే నచ్చుతుంది. వంద రూపాయలు ఎక్కువైతే ఎక్కువైంది, మా పిన్ని పక్కింటికి వెళ్ళక్కర్లేదు. డీఏపీ అని ఉంటే మాత్రం సుంకం మన మీదే, ఆ మూడక్షరాలు చూడకుండా బటన్ నొక్కొద్దని మా తమ్ముడికి గట్టిగా చెప్పాను.

పోయిన ఏడాది అదే ముసలాయన మెయిలు పెట్టాడు, పంతులు గారి నిఘంటువు ఒకటి దొరికింది, కావాలా అని. 50 పౌండ్లు. ఈసారి పోస్టు, ట్రాకింగ్‌తో, అడ్రస్ మా ఇంటిదే, పోస్టుకి సర్వీసు లేని ఊరంటూ లేదు. 37 రోజులు పట్టింది. అందులో పదహారు రోజులు ముంబైలోనే.

తెచ్చిన పోస్ట్‌మాన్ కొత్త కుర్రాడు, గుమ్మ అనే ఊరి వైపు సవర పల్లెవాడు, నాతో తెలుగు, మా పక్కింటాయనతో ఒరియా మాట్లాడతాడు. కవరు మీద కస్టమ్స్ వాళ్ళ చీటీ ఉంది, విలువ, సుంకం రెండూ అందులో ఉన్నాయి. నేను ముందే వేసుకున్న లెక్క కూడా అటూ ఇటూగా అంతే, డబ్బు లెక్కపెట్టి గూట్లో పెట్టుకునే ఉన్నాను. ఇచ్చాను, రసీదు రాశాడు. ఇందులో ఏముంది సార్ అంటే మీ భాషదేనని అక్కడే విప్పి చూపించాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మాటల్ని నేను కూడబలుక్కుని ఒక్కొక్కటే చదువుతుంటే మొదట నవ్వాడు, తర్వాత సైకిలు స్టాండు వేసి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుని, మూడో మాట దగ్గర "అలా కాదు సార్, గొంతులో ఆపాలి" అని పలికి చూపించాడు. చూస్తే అక్షరం పక్కన ఆ గుర్తు ఉంది.